మావుయికి తల్లి లేదా?

2023వ సంవత్సరమున అమెరికా దేశపు ఇండ్లలో ఒక బొమ్మల చిత్రమును జనులు 1,160 కోట్ల నిమిషములు చూచిరని నీల్సన్ సంస్థ లెక్క కట్టినది. ఇంటర్నెట్టు మార్గమున ఇంటికి వచ్చు చిత్రములలో ఆ యేడు దానికంటె ఎక్కువగా చూడబడినది వేరొకటి లేదు. విచిత్రమేమన, అది ఆ యేటి చిత్రము కాదు. ఏడేండ్లకు ముందు, 2016లో, డిస్నీ సంస్థ విడుదల చేసిన ‘మొవానా’. దాని రెండవ భాగము 2024 నవంబరులో వచ్చి నూరు కోట్ల డాలర్లకు మించి వసూలు చేసినది. అంతటితో ఆగక, మొదటి కథనే బొమ్మలకు బదులు నటీనటులతో మరల తీయ సంకల్పించి, 2026 జూలై 10వ తేదీని విడుదల దినముగా ప్రకటించిరి. పిల్లలు ఒకే కథను నూరుమారులు అడుగుదురను సంగతి ప్రతి అమ్మమ్మకును తెలిసినదే. కాని ఈ కథను చెప్పుచున్న అమ్మమ్మ ఎవరు? ఎవరి యింటి కథను చెప్పుచున్నది? పిల్లల వినోదమునకై తీసిన దానిని పెద్దలు ఇంతగా తరచి చూడవలెనా యని అడుగువారుందురు. ఒక జాతివారి పురాణపురుషుని మొగము ఎట్లుండునో లోకములోని పిల్లలందరును ఒకే బొమ్మను చూచి నేర్చుకొనుచున్నప్పుడు, ఆ బొమ్మను తరచి చూచుట పెద్దల పనియే యని నా తలంపు.

చూడనివారి కొరకు కథను రెండు మాటలలో చెప్పెదను. పసిఫిక్ మహాసముద్రమున మోటునూయి అను కల్పిత ద్వీపము కలదు. దాని నాయకుని కూతురు మొవానా. పగడపు దిబ్బను దాటి ఎవరును పోరాదని తండ్రి శాసనము; కడలి తనను పిలుచుచున్నదని కూతురి ఆరాటము. ఇంతలో కొబ్బరికాయలు లోపల నల్లబడిపోవును, వలలకు చేపలు పడకుండును. వేయి సంవత్సరముల క్రిందట మావుయి అను వీరుడు టె ఫితి అను దేవత హృదయమును దొంగిలించెననియు, ఆ చేటే చీకటియై ద్వీపములను కమ్ముకొనుచున్నదనియు నాయనమ్మ తాలా చెప్పును. పిల్ల ఒంటరిగా పడవనెక్కి, మావుయిని పట్టుకొని, ఆ హృదయమును తిరిగి ఇచ్చుటకై పోవును. తీరా చూడగా, దారికి అడ్డము నిలిచి నిప్పులు గ్రక్కుచున్న రాక్షసి టె కాయే హృదయమును పోగొట్టుకొన్న టె ఫితి యని తెలియును. యుద్ధము జరుగవలసిన చోట ఆ పిల్ల నిర్భయముగా ఎదురు నడచి, నీవెవరవో నీకు తెలియునని ఆ రాక్షసికి గుర్తు చేయును. దర్శకులు రాన్ క్లెమెంట్స్, జాన్ మస్కర్ చేయి తిరిగినవారని చెప్పుటకు ఈ ఘట్టమొక్కటి చాలును. రాకుమారుడు లేడు, పెండ్లి లేదు. ఆ లోటు చూచువారికి తోచనే తోచదు.

ఈ చిత్రమునకు మొట్టమొదట ఈయవలసిన గౌరవము మాత్రము వేరొక విషయమున కలదు. 1947లో థోర్ హెయర్డాల్ అను నార్వే దేశస్థుడు బాల్సా దుంగల తెప్పపై పెరూ తీరమును విడిచి, 101 దినములు గాలివాలున, నీటివాలున వచ్చి టువామోటు ద్వీపములలో తేలెను. పాలినీషియా ద్వీపములకు మనుష్యులు దక్షిణ అమెరికా నుండి ఇట్లే వచ్చిరని చెప్పుటకు ఆయన చేసిన సాహసమది. 1956లో ఆండ్రూ షార్ప్ అను న్యూజిలాండు చరిత్రకారుడు, దూరద్వీపములను వీరు తెలిసి చేరినవారు కారు, త్రోవ తప్పి చేరినవారని గ్రంథము వ్రాసెను. అనగా వేల మైళ్ల సముద్రమును తమ పెరడువలె తిరిగినవారి సంతతికి, మీ పూర్వులు కొట్టుకొనివచ్చిన కట్టెల వంటివారని పండితులు చెప్పుచు వచ్చిరి.

ఈ మాటకు జవాబు గ్రంథముతో గాక పడవతో వచ్చినది. 1976 మే నెల 1వ తేదీన హోకూలేఆ అను జంటపడవ హవాయి నుండి తాహితికి బయలుదేరెను. అప్పటికి ఆ నౌకావిద్య తెలిసినవాడు హవాయిలో ఒక్కడును మిగులలేదు. మైక్రోనీషియాలోని సతవల్ అను చిన్న ద్వీపము నుండి మావ్ పియాయిలుగ్ అను నావికుని పిలిపించుకొనిరి. దిక్సూచి లేదు, పటము లేదు. చుక్కలు ఉదయించు చోటు, అలలు పడవను తాకు తీరు, పక్షులు తిరిగి పోవు దిక్కు, ఇవియే ఆధారములు. సుమారు 4,000 కిలోమీటర్లు నడిపి జూన్ 4న పడవను తాహితి చేర్చెను. రేవున వేలకొలది జనులు వచ్చి నిలిచిరి.

‘మొవానా’ ఈ పడవకు పుట్టిన కథ. పురావస్తు శాస్త్రజ్ఞులు చెప్పు ఒక చిక్కుముడిని కూడ అది అందిపుచ్చుకొన్నది. సమోవా, టోంగా ద్వీపములకు జనులు చేరి సుమారు మూడు వేల సంవత్సరములైనది. అచ్చటనుండి తూర్పునకు, తాహితి ప్రాంతమునకు, వారు తరలినది వేయి సంవత్సరముల క్రిందటి మాట. నడుమ అంత దీర్ఘకాలము ఎందుకాగిరి, మరల ఎందుకు కదలిరి? ఆగుటకు కారణము దొంగిలింపబడిన హృదయమనియు, కదలించినది ఒక పిల్ల యనియు చిత్రము కల్పన చేసినది. గుహలో దాచిన పడవలను ఆ పిల్ల కనుగొని, తప్పెటను మ్రోగింపగా పూర్వులు తెరచాపలెత్తి కన్నులయెదుట సాగిపోవుట నాకు చిత్రమంతటిలోను మిక్కిలి ఇష్టమైన ఘట్టము. టోంగా సంతతివాడై, ఫిజీలోని సూవా విశ్వవిద్యాలయమున బోధించిన ఎపెలి హావుఓఫా 1993లో ఒక వ్యాసమున, ఇవి విశాలసముద్రమున విసరివేయబడిన చిన్న ద్వీపములు కావనియు, ద్వీపములతో నిండిన ఒక పెద్ద సముద్రమే తమ దేశమనియు వాదించెను. ఆ వాదమునకు బొమ్మ కట్టినట్లున్నది ఈ ఘట్టము. ద్వీపపు కొండకొమ్మున ప్రతి నాయకుడును ఒక రాతిని పేర్చుట ఆచారమని మొదట చూపుదురు. కడపట ఆ రాళ్ల దొంతరపై ఒక శంఖముండును. దానినిగూర్చి ఎవరును ఒక్క మాట పలుకరు. అది మంచి కవి చేయు పని.

ఇంత మేలు చేసిన చిత్రము మావుయి దగ్గరకు వచ్చునప్పటికి చేయి మార్చినది.

మావుయి పాలినీషియా వారి గాథలలో ద్వీపమునకొక రూపున నున్నవాడు. సముద్రగర్భము నుండి గాలముతో ద్వీపములను పైకి లాగినవాడు, నిప్పును తెచ్చినవాడు, సూర్యునికి ఉచ్చు వేసి నెమ్మదిగా నడువుమని శాసించినవాడు. సూర్యుని పండనుకొని ఎగిరిన బాలాంజనేయుని కథ విని పెరిగిన మనకు ఇతడు తొలిచూపునకే చుట్టమువలె తోచును. అయితే ఆ గాథలలో ఒక సంగతి కలదు. మావోరీలు చెప్పు కథలో, నెల నిండక పుట్టిన మావుయిని చనిపోయెననుకొని తల్లి తరంగా తన సిగ వెండ్రుకలలో చుట్టి సముద్రపు నురుగులో విడిచినది; పెరిగిన పిదప అతడు తల్లిని వెదకుకొని వచ్చి ఆమె బిడ్డలలో ఒకడై కూర్చుండెను. ద్వీపమును లాగిన గాలము అవ్వ దవడయెముకతో చేసినది. నిప్పు మహుయికా అను వృద్ధదేవత వ్రేళ్ల గోళ్లనుండి పుట్టినది. హవాయి వారు చెప్పు కథలో తల్లి హినా తాను ఆరవేసిన నారబట్ట ఆరకముందే ప్రొద్దు గ్రుంకుచున్నదని వాపోగా, ఆమె కొరకే మావుయి సూర్యుని పట్టి కట్టెను. తుదకు మరణమును జయింపబోయి హినె నుయి తె పో అను మృత్యుదేవి చేతిలోనే మడిసెను. గాలము అవ్వది, నిప్పు దేవతది, పగటి వెలుగు తల్లిది, చావు కూడ ఒక స్త్రీదే. ఇతని వీరకార్యములలో ఏది తీసికొన్నను దాని వెనుక ఒక తల్లియో, అవ్వయో, అప్పచెల్లెలో నిలిచియుండును.

చిత్రములోని మావుయికి వీరెవ్వరును లేరు. తలిదండ్రులు వలదని సముద్రమున పారవైచిరి. దేవతలు చేరదీసి గాలమిచ్చిరి. మనుష్యుల ప్రేమను సంపాదించుటకై అతడు ఘనకార్యములు చేయుచు పోయెను. ప్రేమకై మొగము వాచిన అనాథబాలుడు లోకముచేత మెప్పు పొందజూచుట అమెరికా కథలలో తరచుగా కానవచ్చు అచ్చు. ఆ అచ్చులో పోసిన పాత్రగా చూచినచో మావుయి చక్కగనే వచ్చినాడు. నవ్వించును, లోన దుఃఖము గలవాడనియు తెలియును. కాని పాత కథలో తల్లి బిడ్డను విడుచుట శోకము, ఇందులో తిరస్కారము. ఆ తేడా చిన్నది కాదు. టోంగాకు చెందిన మానవశాస్త్రజ్ఞుడు తెవిటా కాయిలి 2016లోనే ఈ లోపమును ఎత్తి చూపి, మావుయి ఉన్నచోట హినా లేకపోవుట ఏమని ప్రశ్నించెను.

పురాణమును మార్చుట దోషమని నేననను. ఆ మాట అనుటకు తెలుగువానికి నోరు రాదు. భారతములోని శకుంతలకు ఉంగరము లేదు, దుర్వాసుని శాపము లేదు. అవి కాళిదాసు సొమ్ము. వ్యాసభారతమున శశిరేఖ పెండ్లి లేదు. అయినను 1957లో వచ్చిన ‘మాయాబజార్’ను కాదనువారెవరు? ఈ సందర్భమున ఆ చిత్రము నాకు మాటిమాటికి జ్ఞప్తికి వచ్చుచున్నది. మావుయి బొమ్మ తొలుత బయటపడినప్పుడు, టోంగా సంతతికి చెందిన న్యూజిలాండు పార్లమెంటు సభ్యురాలు జెన్నీ సలేసా మొదలగువారు, తమ వీరుని అంత స్థూలకాయునిగా గీయుట అవమానమని ఆక్షేపించిరి. ఆ బాధను తక్కువ చేయను గాని, దోషము కాయమున లేదని నాకు తోచుచున్నది. ఎస్. వి. రంగారావు గారి ఘటోత్కచుని కంటె భారీమనిషి ఎవడు? అతని నడక చూచి నవ్వితిమి, తిండి చూచి నవ్వితిమి, అతనిపై గౌరవమొక రవంతయు తరుగలేదు. ఏలయన అతని ప్రక్కన సూర్యకాంతము గారి హిడింబి నిలిచియున్నది. అంతటి కాయమును తల్లి మాటకు వంగుటను మనము కన్నులార చూచితిమి. పైగా నవ్విన మనమును ఆ యింటివారమే.

డిస్నీ సంస్థ ఇంటివారిని అడుగకుండ తీయలేదను మాట న్యాయమునకై చెప్పవలెను. దర్శకులు 2011లో ఫిజీ, సమోవా, తాహితి ద్వీపములు తిరిగి వచ్చిరి. తొలి ప్రతిని వ్రాసినవాడు మావోరీ వంశమున పుట్టిన టైకా వైటిటి. పాటలలో సమోవా, తోకెలావు మాటలు చేర్చి పాడినవాడు ఒపెటాయియా ఫోఆయి. పెద్దలను, నావికులను, పండితులను కూర్చి ‘ఓషియానిక్ స్టోరీ ట్రస్టు’ అను సలహామండలి నేర్పరచిరి. తొలుత బోడితలతో గీసిన మావుయికి దీర్ఘకేశములు వచ్చినది ఆ మండలివారి మాట వలననే. కోపమున మొవానా కొబ్బరికాయలను విసరు దృశ్యమును కూడ, ఆ కాయ తమకు పూజ్యమని వారనగా తీసివేసిరి. ఇవి మంచి సవరణలే. అయితే సలహా చెప్పువాడు వేరు, కథకుడు వేరు. పెండ్లిపందిటిలో తోరణము ఎచ్చట కట్టవలెనని అడుగుట మర్యాదయే. పెండ్లి నిర్ణయించినది మాత్రము ఇంకొకరు. మావుయికి వెండ్రుకలు దొరికినవి. ఆ వెండ్రుకలకు మొదటి సొంతదారయిన తల్లి దొరకలేదు.

2016 సెప్టెంబరులో జరిగిన ఒక సంగతి ఈ తేడాను ఇంకను బయటపెట్టినది. మావుయి మేనిరంగుతో, పచ్చబొట్లతో ఒక తొడుగు కుట్టించి పిల్లల వేషమునకై దుకాణములలో పెట్టిరి. పసిఫిక్ ప్రజలు గగ్గోలు పెట్టగా సంస్థ క్షమాపణ చెప్పి దానిని వెనుకకు తీసికొన్నది. సమోవాలో పచ్చబొట్టు నొప్పిని ఓర్చి, వంశగౌరవముతో పొందునది. ఇంగ్లీషువారి ‘టాటూ’ అను మాటయే ఆ ద్వీపముల నుండి పోయినది. చిత్రములో మావుయి పచ్చబొట్లు అతని మంచిచెడ్డలను అతనికే చెప్పు అంతరాత్మగా కదలుచుండుట సొంపైన కల్పన. బొమ్మ గీసినవానికి తెలిసిన మర్యాద సరకు అమ్మువానికి తెలియకపోయెను.

ఇక, నన్ను ఎక్కువగా కలతపెట్టు విషయమునకు వచ్చుచున్నాను. ద్వీపముల హృదయమును దొంగిలించినది ఎవరు? చిత్రము చెప్పు జవాబు: వారి వీరుడే. కథ యూరపువారు రాకముందు జరిగినదిగా పెట్టుకొన్నందున వేరొకరు అందు ప్రవేశించు వీలు లేదు. కాని ఆ సముద్రపు నిజచరిత్ర తెలిసినవారికి నల్లబడిన కొబ్బరికాయను చూచినప్పుడు స్ఫురించు పేర్లు వేరు. బనాబా ద్వీపమున 1900 నుండి 1979 వరకు ఫాస్ఫేటు కొరకు నేలను చెక్కి ఓడలకెత్తిరి. అక్కడివారిని 1945లో ఫిజీలోని రాబి ద్వీపమునకు తరలించిరి. బికినీ దీవులలో 1946 నుండి 1958 వరకు అమెరికా, మొరురోవాలో 1966 నుండి 1996 వరకు ఫ్రాన్సు అణుబాంబులు పరీక్షించినవి. నేడు టువాలు దేశము సగటున సముద్రమట్టమునకు రెండు మీటర్ల ఎత్తున మాత్రమే యున్నది. అక్కడివారిని ఏటేట 280 మందిని చేర్చుకొనుటకు ఆస్ట్రేలియాతో చేసికొన్న ఒడంబడిక 2024లో అమలునకు వచ్చినది. పొగను వదలిన దేశములకు బాధ్యత గలదా యను ప్రశ్నను వనువాటు దేశము పట్టుపట్టి అంతర్జాతీయ న్యాయస్థానము ముందుంచగా, 2025 జూలైలో ఆ న్యాయస్థానము కలదనియే అభిప్రాయమిచ్చినది. చిత్రములో సముద్రము పెంపుడు లేడివలె పిల్ల చుట్టు తిరుగును, తప్పటడుగు వేసినచో పట్టి నిలుపును. ఆ బొమ్మను చూచు టువాలు పిల్లవాని ఇంటిలోనికి పున్నమి పోటునాడు వచ్చు సముద్రము వేరు. పిల్లల చిత్రమున ఇవియన్నియు పెట్టవలెనని నేను కోరను. దొంగతనమును ఇంటివాని మీద మోపకుండిన చాలునందును. తప్పు చేసినవాడు తానే వచ్చి మ్రొక్కి తిరిగి యిచ్చుట కథకు అందమే. బయటివాడు అట్లు ఇచ్చిన కథ మాత్రము ఆ సముద్రమున అరుదు.

రెండవ భాగమునుగూర్చి ఎక్కువ చెప్పవలసినది లేదు. విడిపోయిన ద్వీపముల జనులను కలుపుట దాని ఊహ. ఊహ పెద్దది, అల్లిక పలుచన. ముగ్గురు దర్శకులలో ఒకరైన డేనా లెడూ మిల్లర్ సమోవా సంతతివారగుట మాత్రము గమనింపదగినది. సలహామండలిలో నుండి దర్శకపీఠమునకు ఎనిమిదేండ్లలో ఒక మెట్టు.

చిత్రకారుల చేతిలో జరుగని పని అనువాదకుల చేతిలో జరిగినది. తెలుగు చెప్పుకొని బ్రతుకువాడను గనుక ఈ ముచ్చటను దాటిపోలేను. మొదట తాహితి భాషలోను, 2017 సెప్టెంబరులో మావోరీ భాషలోను, 2018లో హవాయి భాషలోను ‘మొవానా’ మాటలు, పాటలు మారినవి. 1893లో హవాయి రాణిని గద్దె దింపిన పిమ్మట, 1896 చట్టముతో ఆ భాష బడులలో మూతపడెను. 1978లో గాని దానికి రాజభాషా గౌరవము దక్కలేదు. 1984లో పసిపిల్లల బడులు పెట్టి మరల మొదటినుండి నేర్పవలసి వచ్చెను. మావోరీలు అట్టి పిల్లల బడులను 1982లో ప్రారంభించిరి. ఈ చిత్రమును ఆ బడిపిల్లలకు చూపుట కొరకే అనువదించిరనిన తప్పు కాదు. మావోరీ ప్రతిలో నాయకునికి టెముయెరా మారిసన్, నాయనమ్మకు రేచెల్ హౌస్ తమ ఇంగ్లీషు పాత్రలకే మరల తమ భాషలో గొంతునిచ్చిరి. మావోరీ పిల్లలకు ‘మొవానా’ యనగా ఉత్త పేరు కాదు, సముద్రమే. కడలి పిల్లను ఎన్నుకొనెనని ఇంగ్లీషులో విన్నవారికి అది ఒక అద్భుతము. ఆ భాషలో విన్నవారికి సముద్రము సముద్రమును పిలుచుట. (యూరపులో పెక్కు దేశములందు వ్యాపారపు పేర్ల చిక్కు వలన ఈ పిల్లను వయానా యని మార్చిరి! ఇటలీలో చిత్రము పేరే వేరు.)

అదే సముద్రమున మన భాషకు పట్టిన గతి కూడ ఈ సందర్భమున తలపునకు వచ్చును. 1879 నుండి 1916 వరకు చెరకుతోటల కూలికై భారతదేశము నుండి ఫిజీకి పోయిన సుమారు అరువది వేలమందిలో, 1903 తరువాత మద్రాసు రేవున ఓడనెక్కిన తెలుగువారును కలరు. ఆంధ్రసంగమును స్థాపించుకొనిరి, బడులు పెట్టుకొనిరి. అయినను వారి మనుమల యింటిభాష నేడు ఫిజీ హిందీ. అవ్వ చెప్పిన కథ మనుమరాలికి అర్థము కాకపోవుట ఎట్టిదో వారికి తెలియును. తాలా పాత్రను చూచి ఫిజీలోని తెలుగుబిడ్డ ఒకతె కంట తడిపెట్టినచో అది మావుయి కొరకు కాకపోవచ్చును.

హినా చిత్రమున అసలే లేదనుట కూడ పూర్తిగా సరికాదు. ఆ దేవతను సమోవావారు సినా యందురు. మొవానా తల్లి పేరు సినా! పేరు పెట్టినవారు తెలిసి పెట్టిరో, చెవికింపుగ నున్నదని పెట్టిరో గాని, ఆమెకు మాటలు స్వల్పము. భర్త వలదనినప్పుడు, కూతురు చీకటిలో పారిపోవుచు తొందరపడుచుండగా, ఆమె వచ్చి ఏమియు అనక మూట కట్టి ఇచ్చును. 2018లో హవాయి ప్రతి సిద్ధమైనప్పుడు, మొవానా గొంతు ఔలీయీ క్రవాలో, తల్లి గొంతు నికోల్ షర్జింగర్ ఇద్దరును మరల వచ్చి ఆ భాషలో పలికిరి. మావుయి తల్లి హినా యని చెప్పుకొను భాష అది. సినాకున్న ఆ నాలుగు మాటలును ఆ ప్రతిలో ఆ భాషలోనే వినబడును.